వామి వెచ్చబడితే

కరువు సీమలో మేతకు బూజేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. పులివెందుల, జమ్మలమడుగు రైతులు మాత్రం ఆ మాట అనరు. అదనుకు మొహం చాటేసిన వాన సరిగ్గా చెనిక్కాయ పీకే అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలతో దిగుతుంది. కాయను కాపాడుకోవడానికే చేతులు చాలవు. కట్టె చేనులోనే నానుతుంది. రెండెండలు తగలగానే, మళ్లీ వాన వస్తుందన్న భయంతో వామి వేసేస్తారు.

అక్కడే చెడేది. ఆకు ముందు ఆరిపోయి మనల్ని మోసం చేస్తుంది, చూడాల్సింది కాడను. పిడికెడు కట్టె మెలితిప్పితే కాడ పటుక్కున విరగాలి. మెత్తగా వంగిందంటే ఇంకా ఎండ కావాలి. తేమ 15 శాతం లోపుంటే మేత నిలవుంటుంది. 20 దాటితే బూజు పెరుగుతుంది, పెరుగుతూ వేడి పుట్టిస్తుంది. ఆ వేడికి లేచిన ఆవిరి పై పొరల్లో మళ్లీ చెమ్మవుతుంది. ఏ ఊరు పోయినా వామిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడటం నాకు అలవాటు. లోపల వెచ్చగా తగిలి, ముక్కిన వాసన వస్తే ఆ వామిని అప్పుడే విప్పి ఆరబెట్టాలి.

చెనిక్కాయ కట్టె గురించే నాకు ఎక్కువ బెంగ. అందులో మిగిలిన లొట్టకాయల మీద ఆస్పర్‌జిల్లస్ బూజు చేరితే అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం దాణాలో కలిపిన చెనిక్కాయ చెక్క అని తేలింది; ఈ విషం లోకానికి తెలిసింది అప్పుడే. పశువు తిన్నదాంట్లో కొంత పాలలోకీ దిగుతుంది. కాచినా పోదు. పిల్లలు తాగేది ఆ పాలే.

ప్రొద్దుటూరు చుట్టూ కేసీ కాలువ కింద వరిగడ్డిది ఇంకో కథ. పాతవాళ్లు అడుగున రాళ్లు పరిచి, కంప వేసి, నెత్తిన వాలు పెట్టి వామి వేసేవాళ్లు. ఇప్పుడు మిషన్ చుట్టిన మోపులను నేల మీదే పేర్చి, నాలుగు పక్కలా పట్ట బిగిస్తున్నారు. మిషన్‌ను తప్పుపట్టను, కూలీలు దొరకని కాలమిది. కానీ పచ్చిగా చుట్టిన మోపు నడుమకు గాలి పోదు. అడుగున కట్టెలు వేసి ఎత్తు చేయండి, పట్టను పైన మాత్రమే కప్పి పక్కలు వదలండి.

బూజు పట్టిన మేతను మంచిదాంట్లో కలిపి ఎనుములకు వేయకండి. ముక్కుకు గుడ్డ కట్టుకుని తీసి, దిబ్బలో పారేయండి.