మూడు రోజులు, మూడుసార్లూ ఒళ్లంతా

కొత్తగా జిమ్‌లో చేరినవాళ్లకు చాలాచోట్ల ఒకే పట్టిక చెబుతారు: సోమవారం ఛాతీ, బుధవారం వీపు, శుక్రవారం కాళ్లు. ఏళ్ల తరబడి బరువులెత్తి కండలు దిద్దుకుంటున్నవారికి ఆ పంపకం పనికొస్తుంది. మొదటి ఆరు నెలల్లో ఉన్నవారికి మాత్రం అది నష్టమే. వారానికి మూడు రోజులే దొరికితే ఆ మూడు రోజులూ ఒళ్లంతా పని చేయాలి. ఎందుకంటే తొలి వారాల్లో వచ్చే బలం చాలావరకు కండ పెరిగి వచ్చింది కాదు. ఉన్న కండను ఒక్కుమ్మడిగా పనిలోకి దించడం నరాల వ్యవస్థ నేర్చుకోవడం వల్ల వచ్చింది. మోరిటాని, డివ్రీస్ అనే పరిశోధకులు 1979లోనే ఈ సంగతి కొలిచి చూపారు. బస్కీ తీయడమూ ఒక విద్యేనన్నమాట. వారానికోసారి వీణ ముట్టుకునేవారికి సరళీ స్వరాలు ఎప్పటికి పట్టుబడతాయి? పైగా కసరత్తు చేశాక కండ తనను తాను పునర్నిర్మించుకునే వేగం ఒకటి రెండు రోజులే హెచ్చుగా ఉంటుంది. ఛాతీకి మళ్లీ సోమవారమే పని చెబితే మధ్యలో నాలుగైదు రోజులు ఊరికే పోతాయి.

విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నానికి ఇది మరీ వర్తిస్తుంది. థర్మల్ కేంద్రం రాత్రింబవళ్లు నడిచే ఊరిలో షిఫ్టు మారితే నిద్ర వేళలూ మారతాయి, వారంలో ఏదో ఒక రోజు జారిపోతుంది. విడదీసిన పట్టికలో శుక్రవారం పోతే ఆ వారం కాళ్లకు పనే లేదు. ఒళ్లంతా చేసే పద్ధతిలో ఒక రోజు పోయినా మిగిలిన రెండూ కాపాడతాయి. అందుకే సోమ, బుధ, శుక్రవారాలు కాదు, విరామం లెక్కపెట్టుకోవాలి: ఒకసారి చేశాక కనీసం ఒక రోజు ఖాళీ. కసరత్తులు రెండు జట్లుగా ఉంటే చాలు. మొదటి దానిలో బస్కీలు, దండీలు, డంబెల్‌ను నడుము దగ్గరికి లాగడం. రెండోదానిలో నేల మీది బరువును నడుము వంగకుండా తుంటి నుంచి ఎత్తడం, తలపైకి నెట్టడం, పైనుంచి కిందికి లాగడం. ఒక రోజు మొదటి జట్టు, తర్వాతి కసరత్తు రోజున రెండోది, అలా మార్చుకుంటూ పోవాలి. ఒక్కోటి 3 సెట్లు, సెట్టుకు 8 నుంచి 12 సార్లు. ఇంకో రెండు చేయగలం అనిపించినప్పుడే ఆపాలి. మూడు సెట్లలోనూ 12 తేలిగ్గా వచ్చాకే బరువు పెంచాలి, అదీ దొరికినంతలో అతి చిన్న బిళ్లతో.

మూడు సెట్లతో ఏమవుతుందని అడిగేవారుంటారు. గాయపడిన సైనికులకు బరువులతో చికిత్స చేసిన అమెరికా వైద్యుడు థామస్ డెలోర్మ్ 1945లో 7 నుంచి 10 సెట్లు చేయించాడు. 1948కల్లా మూడే చాలని తానే తగ్గించాడు. వెయిట్‌లిఫ్టర్ దండమూడి రాజగోపాలరావు పేరుతో స్టేడియం ఉన్న విజయవాడ పక్కన బలమంటే ‘నర్తనశాల’ సినిమాలో ఆయన వేసిన భీముడి దేహమే మనసులో మెదలడం సహజం. కానీ అరవై దాటాక కుర్చీలోంచి చెయ్యి ఊనకుండా లేవడం కూడా బలమే. బోస్టన్‌లో తొంభై ఏళ్ల వయసువారితో వారానికి మూడు రోజుల చొప్పున 8 వారాలు కాళ్లకు బరువులెత్తించిన అధ్యయనం 1990లో వెలువడింది. వారి కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. వయసు మీరిందన్న అభ్యంతరానికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు మాత్రం ముందు వైద్యుణ్ణి అడగాల్సిందే.

బరువైన అభ్యంతరం మరొకటుంది: రోజంతా బస్తాలు మోసేవారికి మళ్లీ బరువులెందుకు? కూలిపనిలో బరువును ఎంచుకునేది మోసేవాడు కాదు. ఒకే భుజం, ఒకే వంపు, అలసినా ఆగే వీల్లేదు. శరీరం తట్టుకునే కొద్దీ కొంచెం కొంచెంగా పెంచుకునే అవకాశం అందులో లేదు. అయితే ఆ అలసట నిజం, దాన్ని లెక్కలో వేయకపోవడం అన్యాయం. కండలను బలపరిచే కసరత్తుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన కనీసం వారానికి రెండు రోజులే. లోడింగ్ పని చేసేవారు ఆ రెండింటితోనే మొదలుపెట్టి, సెట్లు రెండుకు తగ్గించి, పనిలో తక్కువగా వాడే లాగుడు కసరత్తులకు ముందు చోటివ్వాలి.