మానతానన్న మాట ఎవరి నోట రావాలి?

"రేపటి సంది కల్లు ముట్టనని పోచమ్మ మీద ఒట్టెయ్యి!" తాగే మనిషిని మార్చడానికి మెదక్ పల్లెల్లో ఇంటివాళ్లకు తెలిసిన దారి ఇదే. ఒట్టేస్తాడు. నాలుగోనాడు మళ్లీ కల్లు దుకాణం దగ్గరే కనబడతాడు. ఇంట్లో తిట్లు పెరిగేకొద్దీ అతని సాకులూ పెరుగుతాయి.

ఎల్దుర్తి వైపు పల్లెలకు కల్లు కొత్త కాదు, పండుగనాడు అమ్మవారికి సాక పోసేదీ అదే. చెట్టు కల్లు పేరుతో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మడంతోనే చిక్కంతా. 2015లో ఈ కల్తీని గట్టిగా అడ్డుకోగానే మహబూబ్‌నగర్, నిజామాబాద్, మెదక్ జిల్లాల్లో ఎంతోమంది వణుకుతో, మూర్ఛలతో, పొంతనలేని మాటలతో ఆసుపత్రుల పాలయ్యారు. అందుకే ఈ కల్లును ఉన్నపళంగా మాన్పించకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చూపు కింద మెల్లగా తగ్గించాలి. మాటతో చేసే వైద్యం దానికి తోడు.

ఆ మాటకు ఒక పద్ధతి ఉంది. అమెరికా మనస్తత్వవేత్త విలియం మిల్లర్ నార్వేలో ఉన్నప్పుడు అక్కడి యువ మనస్తత్వవేత్తలు, తాగుడు మానలేని వాళ్లతో మీరు ఇలాగే ఎందుకు మాట్లాడతారని గుచ్చిగుచ్చి అడిగారట. జవాబు వెతుక్కుంటూ మిల్లర్ 1983లో ఒక వ్యాసం రాశారు. 1991లో స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పుస్తకం తెచ్చారు. దాని సారం ఇది: తాగే మనిషి లోపల మానాలన్న కోరికా, మానలేనన్న భయమూ రెండూ ఉంటాయి. మనం మానెయ్యమని వాదిస్తే అతను రెండోదాని పక్షాన నిలబడతాడు. కాబట్టి కౌన్సెలర్ వాదించడు, అడుగుతాడు, విన్నదాన్ని తిరిగి అప్పజెబుతాడు.

ఉదాహరణకు ఒక కూలీ వచ్చాడనుకుందాం.

"తాగకుంటే నిద్ర పడ్తలేదు సార్. తాగితేనేమో పొద్దుగాల పనికి లేవలేకపోతున్న."

"నిద్ర కోసం తాగుతున్నరు, అదే కల్లు పని పోగొడుతున్నది."

"కూలి పోతున్నది సార్. బిడ్డ ఫీజు కట్టనేలేదు."

బిడ్డ మాట అతనే తెచ్చాడు. కౌన్సెలర్ తెచ్చుంటే అది దెప్పిపొడుపయ్యేది.

నాకు అన్నిటికన్నా నచ్చే ప్రశ్న దీని తర్వాతిది. "మానాలని ఎంత ఉంది? సున్నా నుంచి పదిలో చెప్పండి." "మూడు సార్." మనమైతే, మూడేనా, పది ఎందుకు కాదు అంటాం. అతను తన అడ్డంకులన్నీ ఏకరువు పెడతాడు. కౌన్సెలర్ మాత్రం "సున్నా అనకుండా మూడెందుకు అన్నరు?" అంటాడు. ఇప్పుడతను మానాల్సిన కారణాలు వెతకాలి. బిడ్డ, కూలి, వణికే చేతులు ఒక్కొక్కటే బయటికొస్తాయి. చివర్లో వాటినే అతని మాటల్లోనే గుదిగుచ్చి వినిపించి, "ఇప్పుడేం చేద్దామనుకుంటున్నరు?" అని కౌన్సెలర్ ఆగుతాడు. ఆ మౌనాన్ని ఓర్చుకోవడమే ఈ విద్యలో కష్టమైన పని.

హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి దాకా పోలేనివాళ్లకు 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ ఫోన్ సేవ ఉంది. 14416కి ఫోన్ చేసి ఏ వేళలోనైనా పైసా ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడొచ్చు. తాగే మనిషే చెయ్యాలని లేదు. ఈసారి ఒట్టు వేయించకుండా అతనితో ఏం మాట్లాడాలో అడగడానికి ఇంటివాళ్లూ చెయ్యొచ్చు.