వీధుల కింద దాగిన వాలు

పాత డబ్లిన్‌లో నడక దూరంలోనే ఉన్న రెండు కేథడ్రళ్లలో క్రైస్ట్ చర్చ్ కింద 12వ శతాబ్దంలో మొదలైన విశాలమైన నేలమాళిగ ఉండగా, సెయింట్ పాట్రిక్స్‌కు అటువంటిది లేదు. మొదటిది లిఫీ నదికి దక్షిణపు ఒడ్డున ఉన్న మిట్ట మీద, రెండవది పాడిల్ అనే చిన్న ఏటి పాయల నడుమ ఊటనీరు పైపైనే తగిలే పల్లంలో వెలియడమే ఆ తేడాకు కారణమని చెబుతారు. ఆ ఏరు నేడు నేల కింది సొరంగాల గుండా సాగి, వెల్లింగ్టన్ రేవు గోడలోని ఇనుప కటకటాల వెనుక నుండి లిఫీలో కలుస్తున్నది.

ఇటువంటి పేటకు కాంటూరు రేఖలు, అనగా ఒకే ఎత్తున ఉన్న బిందువులను కలిపే రేఖలు, గీయబూనిన వారికి ఎదురయ్యే మొదటి చిక్కు ఎత్తును ఎక్కడి నుండి లెక్కించాలన్నదే. 1824లో మొదలైన ఐర్లండ్ ఆర్డినెన్స్ సర్వే పాత పటాలకు 1837 ఏప్రిల్ 8న పూల్‌బెగ్ లైట్‌హౌస్ వద్ద సముద్రం దిగిన పాటు మట్టాన్ని సున్నాగా తీసుకోగా, 1970 నుండి మాలిన్ హెడ్ వద్ద సగటు సముద్ర మట్టం ఆ స్థానంలోకి వచ్చింది. ఈ రెండింటికీ సుమారు 2.7 మీటర్ల వ్యత్యాసం ఉన్నందున, పాత పటంలోని అంకెను సవరించకుండా కొత్త పటంలోకి ఎక్కిస్తే పల్లపు వీధి కాస్తా మిట్టగా మారిపోతుంది. 2011 అక్టోబరు 24న పాడిల్ పొంగి హెరాల్డ్స్ క్రాస్ ఇళ్లలోకి నీరు చేరిన నగరంలో దీనిని చిన్న పొరపాటుగా కొట్టివేయరాదు. 1908 నాటి మూసీ వరదను తలచుకునే హైదరాబాదు వారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

అంతకంటె లోతైన చిక్కు మరొకటి ఉన్నది. విమానం నుండి లేజర్ కిరణాలతో కొలిచే నేటి పద్ధతి నేల పైభాగాన్ని సెంటీమీటర్ల తేడాతో చూపగలదు గాని, ఆ పైభాగం సహజమైన నేల కాదు. లిఫీ ఒడ్డున ఉన్న వుడ్ క్వే వద్ద 1970లలో సాగిన తవ్వకాలలో వైకింగుల కాలపు ఇళ్లూ, కంచెలూ, చెత్తా పొరలు పొరలుగా బయటపడ్డాయి. లిఫీ ఒడ్డు కూడా అటువంటి పూడికతోనే క్రమంగా నదిలోకి జరిగింది. కాబట్టి అసలు వాలు తెలియాలంటే పునాదుల కోసం వేసిన బోర్ల వివరాలను చూసి, ప్రతి చోటా పోసిన మట్టి ఎంత లోతున ముగిసి ఒండ్రు గాని, హిమనదం విడిచిన బంకమట్టి గాని మొదలైనదో గుర్తించి, ఆ లోతును పై ఎత్తులో నుండి తీసివేయాలి. బోర్లు దూరదూరంగా ఉన్న చోట రేఖను నిండుగా గాక చుక్కలతో గీయడమే నిజాయితీ.