ఫువాంగ్‌ని ఎవరడిగారు?

పెళ్ళిచూపుల్లో పిల్ల ఎదురుగానే కూచుని ఉంటుంది. మాటలన్నీ పెద్దవాళ్ళే మాట్లాడేసుకుంటారు. గ్రాహం గ్రీన్ రాసిన 'ది క్వయట్ అమెరికన్' నవలలో ఇంచుమించు అలాంటి ఘట్టమే ఒకటుంది. 1955లో వచ్చిన ఈ పుస్తకం వియత్నాంలో అమెరికా యుద్ధాన్ని ముందే పసిగట్టిందని విమర్శకులు మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకుంటాను. అయితే నాకో పేచీ ఉంది.

కథ జరిగేది 1950ల తొలి ఏళ్ళలో, సైగాన్‌లో. 1945 సెప్టెంబరు 2న హో చి మిన్ స్వాతంత్ర్యం ప్రకటించినా ఫ్రెంచివాళ్ళు పట్టు విడవక యుద్ధం చేస్తున్నారు. అమెరికా డబ్బు సాయం ఏడాదికేడాది పెరుగుతోంది. ఫౌలర్ వయసు మళ్ళుతున్న ఇంగ్లీషు విలేఖరి. పైల్ ఆర్థిక సహాయం పేరుతో వచ్చిన అమెరికా కుర్రవాడు. ఫ్రెంచివాళ్ళూ కమ్యూనిస్టులూ కాని 'మూడో శక్తి' ఒకటి ఉంటే దేశం బాగుపడుతుందని పుస్తకంలో చదివి నమ్మినవాడు. ఇద్దరూ కోరుకునేది ఫువాంగ్ అనే వియత్నాం అమ్మాయిని.

ఆమె ఫౌలర్‌తో ఉంటోంది. పెళ్ళి చేసుకుంటానని పైల్ వస్తాడు. అతనికి ఫ్రెంచి అంతంతమాత్రం. కాబట్టి ఆ మాటలు ఫౌలరే ఆమెకు అనువదించి చెప్పాలి! ఆమె మేలు ఎవరి దగ్గరుందో ఆమె ఎదుటే ఇద్దరూ వాదించుకుంటారు. చదువుతుంటే ముందు నవ్వొస్తుంది, తర్వాత ఒళ్ళు మండుతుంది. ఒక దేశాన్ని ఉద్ధరిస్తామని పరాయివాళ్ళు పోటీపడటం కూడా ఇలాగే ఉంటుంది కదా అనిపిస్తుంది.

పైల్ సమకూర్చిన పేలుడు మందు నగరం నడిబొడ్డున పేలి, ఆడవాళ్ళూ పసిపిల్లలూ చనిపోతారు. అతను తన బూట్లకంటిన నెత్తురు చూసుకుని, మంత్రిగారిని కలిసేలోగా శుభ్రం చేయించుకోవాలంటాడు. క్రూరుడు కాడు. తాను మంచే చేస్తున్నానని గట్టిగా నమ్మినవాడు. అలాంటివాళ్ళు తర్వాత ఎంతమంది వచ్చారో చూడండి. 1960లో వెయ్యికి లోపున్న అమెరికా సైనికులు 1963 చివరికి పదహారు వేలయ్యారు. 1968కి అయిదు లక్షలు దాటారు.

ఇక నా పేచీ. ఫువాంగ్ నల్లమందు గొట్టం అమర్చి ఇస్తుంది, రాజకుటుంబం బొమ్మలు చూస్తుంది, సిల్కు స్కార్ఫులు ఇష్టపడుతుంది. మనసులో ఏముందో మనకు తెలియదు. "కథ చెప్పేది ఫౌలర్ కదండీ, అతనికి తెలిస్తేగా!" అంటారేమో. ఒప్పుకుంటాను. కానీ నోరున్న మరో వియత్నాం స్త్రీకి గ్రీన్ ఎంత చోటిచ్చాడు? ఫువాంగ్ అక్కగారు మాట్లాడుతుంది గానీ, ఆవిడకెంతసేపూ చెల్లెలి పెళ్ళి గొడవే.

అవే రోజుల్లో, అదే సైగాన్‌లో, పాతికేళ్ళు నిండని న్గుయెన్ థీ బిన్ అనే యువతి ఫ్రెంచివాళ్ళ జైల్లో ఉంది. 1951లో పట్టుకుని చీ హోవా జైల్లో పెట్టారు. 1973 జనవరి 27న పారిస్‌లో శాంతి ఒప్పందం మీద సంతకాలు చేసిన నలుగురు విదేశాంగ మంత్రుల్లో స్త్రీ ఆమె ఒక్కతే. ఫౌలర్ తిరిగే వీధులకు ఆ జైలు ఎంతో దూరం కాదు. నవల మాత్రం అటు వెళ్ళలేదు.

సినిమావాళ్ళ సంగతీ అంతే. 1958లో తీసిన చిత్రంలో ఫువాంగ్ వేషం ఇటలీ నటికిచ్చారు. పైగా అమెరికన్‌ని నిర్దోషిని చేసేశారు. 2002 చిత్రంలో గానీ ఆ పాత్ర వియత్నాం నటి దో థీ హాయ్ యెన్‌కు దక్కలేదు.

అయినా ఈ నవల చదవమనే చెబుతాను. పరాయివాడి మంచితనం ఎంత ప్రాణాంతకమో ఇంత తక్కువ పేజీల్లో తెలియడం అరుదు. చదివేటప్పుడు ఆ మగవాళ్ళ వాదనలు పూర్తికాగానే ఒక్క క్షణం ఆగండి. గొట్టం అమరుస్తున్న ఆ చేతుల మనిషి ఏమనుకుంటోందో మీరే ఊహించుకోండి. గ్రీన్ రాయకుండా వదిలేసిన కథ అక్కడుంది.