బిరుదులు – వానికి వెల యిచ్చినవారు

వంశచరిత్రమును చేతికి దీసికొన్నపుడు మొదట అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: దీని నెవరు వ్రాయించిరి? కవి యెవరు, శైలి యెట్టిది అనునవి తరువాతి ప్రశ్నలు. ఒక కుటుంబము తన ధనముతో తన పూర్వుల చరిత్రమును వ్రాయించుకొన్నపుడు ఆ చరిత్రము తాతనుండి మనుమనివైపునకు నడువదు. నేడున్న బిరుదునుండి బయలుదేరి, దానికి తగిన తాతను వెదకికొనుచు వెనుకకు నడుచును. దొరకిన తాత చాలనిచో సూర్యుడో చంద్రుడో తోడుపడును.

అయినను ఇట్టి గ్రంథములను త్రోసిపుచ్చుట మా యభిమతము కాదు. దాచవలసిన సంగతులను సయితము ఇవి యొక్కొక్కప్పుడు గొప్పగా చెప్పివేయును. అట్టివానిలో రెంటిని, బొబ్బిలివారి కథను, దానికి మూలమైన వెలుగోటివారి కథను, ఇచట పరిశీలింప దలచితిమి. వీనిని మేము చదివినది మంచిర్యాల జిల్లాలోని బొగ్గుగనుల యూరగు మందమర్రిలో. ఆ సంగతి చెప్పుటకు కారణము ముందు తెలియగలదు.

బొబ్బిలి జమీందారులలో శ్వేతాచలపతి రంగారావుగారు విద్వాంసులు. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో వారు తమ సంస్థానచరిత్రమును స్వయముగా ఇంగ్లీషున రచించి ప్రకటించిరి. కుటుంబకథ ప్రకారము 1652లో శ్రీకాకుళపు ఫౌజుదారు షేర్ మహమ్మదుఖానువెంట పెద్దరాయుడనువాడు ఉత్తరాంధ్రమునకు వచ్చెను. అతని తరువాతివాడగు లింగప్ప, శత్రువులచేత చిక్కిన ఖానుని కుమారుని విడిపించి తెచ్చెను. అందులకు బహుమానముగా పండ్రెండు గ్రామములును ‘రంగారావు’ అను బిరుదమును లభించెను. కథ నిజమేయని యొప్పుకొందము. ఒక బాలుని ప్రాణమును కాచినవానికి గౌరవము చేయుట న్యాయమే. కాని ఆ గౌరవము కాచినవానితోడనే ముగియక, ఏ బాలుని ప్రాణమును కాపాడని మనుమనికిని ముని మనుమనికిని సంక్రమించుట యెట్లు? బిరుదు ఒకనాటి పనికి కూలి. వారసత్వబిరుదు, పని చేయకయే తరతరములు వసూలు చేసికొను కూలి. ఈ మాట మోటుగా నుండవచ్చును గాని దీనికంటె మృదువైన మాట మాకు దొరకలేదు.

1757 జనవరి 24వ తేదీన బొబ్బిలికోట పడిన వృత్తాంతమును చదువరులు నాటకములలోను చలనచిత్రములోను చూచియే యుందురు. దానిని మరల చెప్పబోము. ఫ్రెంచి సేనాని బుస్సీ విషయమును మాత్రము కొంత విమర్శింపవలసియున్నది. మన నాటకకర్తలు అతనిని ఫిరంగులతో వచ్చిన పరదేశిగా మాత్రమే చూపిరి. అతడును బిరుదుల మనిషియే. స్వదేశమున మార్క్వి, హైదరాబాదు దర్బారున గజన్‌ఫర్ జంగు. 1753లో సలాబత్ జంగు ఉత్తర సర్కారులను అతని సైన్యపు జీతములకై వ్రాసియిచ్చెను. జీతములు రావలెనన్నచో శిస్తు రావలెను. శిస్తు రావలెనన్నచో జమీందారులలో నొకరిని చేరదీసి యొకరి నణచవలెను. విజయనగరపు పూసపాటి విజయరామరాజు ఆ యేర్పాటులో చేరదీయబడినవాడు, బొబ్బిలి గోపాలకృష్ణ రంగారావు అణచబడినవాడు. శౌర్యము, పంతము, పౌరుషము అని మనము పాడుకొను కథకు అడుగున నున్నది రయితు చెల్లించిన శిస్తే. ఏ పాటలోను ఆ రయితు కనబడడు.

యుద్ధము ముగిసిన వెంటనే జరిగిన సంగతి యింకను విచిత్రమైనది. ఓర్మె యను ఇంగ్లీషు చరిత్రకారుడు దానిని వ్రాసెను. కోటలోని స్త్రీలును పిల్లలును శత్రువుల చేత పడకుండుటకై స్వజనుల చేతనే నిహతులు కాగా, ఒక వృద్ధుడు దొరగారి పసిబాలుని దాచి తెచ్చి ఫ్రెంచి సేనలోని లా యను నధికారికి అప్పగించెను. బుస్సీ ఆ బాలునికి రక్షణ కల్పించి, తండ్రికి ముందు ఇయ్యజూపిన భూములకు వానినే యధిపతిగా చేసెను. తండ్రిని చంపిన చేయియే కొడుకునకు పదవిని ప్రసాదించెను! బిరుదు రక్తమునుండి పుట్టునని నమ్మువారు ఈ ఘట్టమును రెండుమారులు చదువవలెను. అది పుట్టునది బలవంతుని సంతకమునుండి. ఇక శ్వేతాచలపతిగారు పుట్టినది వెంకటగిరి రాజకుటుంబములో; బొబ్బిలికి వచ్చినది దత్తతవలన. రక్తపుమాట యెట్లున్నను దస్తావేజు చక్కగా నుండిన చాలును.

బుస్సీ పుట్టిన దేశములో నీ ప్రశ్నను బాహాటముగనే యడిగిరి. 1789 ఆగస్టు 4వ తేదిరాత్రి అచటి ప్రతినిధిసభలో ప్రభువుల ప్రత్యేకహక్కులు రద్దయ్యెను. 1790 జూను 19న వారసత్వ బిరుదములే రద్దయ్యెను. కాని వ్యాధి యంత సులభముగా వదలలేదు. నెపోలియను 1808లో క్రొత్త ప్రభువులను సృష్టించెను. 1848లో మరల తీసివేసిరి. 1852లో మరల తెచ్చిరి. నేడు ఫ్రాన్సులో ప్రజాస్వామ్యము బిరుదుల నీయదు. అయినను పూర్వపు బిరుదు తనకు సంక్రమించినదని న్యాయశాఖవద్ద రుజువు చేసికొన్నవాడు దానిని పేరునకు అనుబంధముగా వ్రాసికొనవచ్చును. అధికారము పోయినది, అక్షరములు మిగిలినవి.

మనదేశములోను నట్లే జరిగినది. 1937 ఎన్నికలలో, అంతకుముందు మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగా నుండిన బొబ్బిలిరాజా రామకృష్ణ రంగారావుగారిని, వారి బొబ్బిలిలోనే, కార్మికనాయకుడగు వి.వి. గిరిగారు ఓడించిరి. 1948 నాటి చట్టము జమీందారీలను తీసివేసెను. 1950 రాజ్యాంగములోని 18వ అధికరణము, సైనిక విద్యా విషయకములు తప్ప బిరుదములను ప్రభుత్వ మీయరాదని శాసించెను. ‘రంగారావు’ మాత్రము పేరులో నిలిచియున్నది. ఆ కుటుంబమునకు చెందిన సుజయకృష్ణ రంగారావుగారు 2017 మొదలు 2019 వరకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమున గనుల మంత్రిగా నుండిరి. వారు ఓట్లతో గెలిచినవారు. అందు మాకాక్షేపణ లేదు. బిరుదు పేరుగా మారినపుడు దానిని రద్దు చేయగల చట్టము లేదని మాత్రమే చెప్పుచున్నాము.

ఇక వెలుగోటివారి కథ. నేలటూరి వెంకటరమణయ్యగారు పరిష్కరింపగా మద్రాసు విశ్వవిద్యాలయమువారు 1939లో ప్రకటించిన ‘వెలుగోటివారి వంశావళి’ తెలుగు చరిత్రసాహిత్యములో విలువగల గ్రంథము. రాచకొండ, దేవరకొండల నేలిన పద్మనాయకప్రభువులు, రసార్ణవసుధాకరమును రచించిన సింగభూపాలుడు, వెంకటగిరి రాజులు అందరును ఈ వంశవృక్షపు కొమ్మలే. బొబ్బిలివారును తమ మూలమును వెంకటగిరిలోనే చూపుదురు. ఈ వంశమువారు తమ మూలపురుషునిగూర్చి చెప్పుకొను కథ మమ్ము చాలదినములు వెంటాడినది.

చెవిరెడ్డి యనువాడు ఆమనగల్లు ప్రాంతమున సేద్యగాడు. అతనికొక పాలేరు కలడు. పంచముడు, పేరు రేచడు. పొలము దున్నుచుండగా భూమిలోని నిక్షేపము బయలుపడెను. దానిని కాచియున్న భూతము నరబలి నడిగెను. రేచడు తానే బలియగుదునని ముందునకు వచ్చి రెండు కోరికలు కోరెను. తన పేరు యజమానుని వంశమునకు గోత్రనామము కావలెను. ఆ వంశములో పెండ్లి జరిగినపుడెల్ల ముందుగా తన కులమువారి యింట నొక పెండ్లి జరిపింపవలెను. యజమాను డంగీకరించెను. రేచడు చచ్చెను. ధనము దక్కెను. వంశము ‘రేచర్ల’ గోత్రమువారయ్యెను.

ఇది నిజముగా జరిగినదని మేము నమ్మము. రేచర్ల యనునది చూడగా ఊరిపేరువలె నున్నది. అదియునుగాక ఆ యింటిపేరు ఇతరులకును గలదు. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేట రామప్పగుడిని కట్టించినట్లు శాసనము చెప్పుచున్నది. ఆయన రెడ్డి రేచర్లవాడు. పేరు ముందుపుట్టి, దానికి కారణముగా కథ తరువాత పుట్టియుండుట సంభవము. నిక్షేపమునకు నరబలి యను ముచ్చట పల్లెటూళ్లలో నెన్నియో కథలలో వినబడును. ఇంతవరకు చారిత్రకుని పని. విమర్శకునిపని ఇచటినుండి మొదలగును. సూర్యచంద్రులను తాతలుగా తెచ్చుకొనుటకు వెనుదీయని కాలములో ఈ వంశము తన మొదటిపుటలో ఒక పాలేరు చావు నేల నిలుపుకొన్నది? దానిని చెరిపివేయువా డొక్క ఆస్థానకవియు లేకపోయెనా?

పొగడ్తగనే దానిని నిలుపుకొన్నారని మాకు తోచుచున్నది. సేవకు డంతటి విశ్వాసము చూపినాడన్నచో యజమాను డెంతటివాడో! సేవకుని చావు యజమానుని గొప్పతనమునకు సాక్ష్యము. కాని కథను రేచని వైపునుండి చదివినచో నది వేరొక కథ. అతడు తన బిడ్డలకు పొలము నడుగలేదు, నిక్షేపములో పాలు నడుగలేదు. అడిగిన దొరకదని యెరిగినవాడు గనుక కాబోలు, పేరును, పెండ్లిలో ముందువరుసను అడిగెను. అంటరానివాడని దూరముంచినవాని పేరును గోత్రముగా చెప్పుకొనక దొరబిడ్డకు పీటలమీద కూర్చుండుటకు వీలులేకుండ చేసెను. ఈ కథను కల్పించినవాడు ఎవడైనను, దానిలో దొరలు గమనింపని కఠినమైన వ్యంగ్యమును దాచినాడు.

మందమర్రిలో చదివితిమని చెప్పుటకు కారణ మిదియే. ఇచట కథ పురాణము కాదు. భూమిలో నిధి కలదు. దానికొరకు మనుష్యులు లోనికి దిగుదురు. కొందరు తిరిగి రారు. 1871లో భూతత్త్వశాఖకు చెందిన డాక్టరు కింగు ఇల్లెందు చెంత బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1945లో నిజాముప్రభుత్వము కంపెనీని వశపరచుకొనెను. కంపెనీకి సింగరేణి యను పల్లె పేరు పెట్టిరి. గనులకు అక్షరములు అంకెలు పెట్టిరి: కేకే ఒకటి, కేకే అయిదు. రేచనికి దక్కినపాటి పేరుకూడ బాయిలో చచ్చినవానికి దక్కలేదు. వాని పేరు మస్టరు పుస్తకములో నుండి కొట్టివేయబడును, అంతియే.

కాని యిచటకూడ ‘వారసత్వము’ అను మాట ప్రతియింటను వినబడును. దొరల గడీలలో గాదు, కార్మికుల క్వార్టర్లలో. తండ్రి బాయిపనికి పనికిరానివాడైనపుడు, ప్రజల నుడిలో ‘అన్‌ఫిట్’ అయినపుడు, వాని యుద్యోగము కొడుకున కిచ్చు పద్ధతి మొదట నుండెను, నడుమ నిలిచెను, 2016లో మరల ప్రకటింపబడెను. కుమారుడో, తమ్ముడో, అల్లుడో ఆ పనిలో చేరవచ్చునని చెప్పిరి. 2017లో హైదరాబాదు ఉన్నతన్యాయస్థానము దానిని కొట్టివేసెను. సర్వోన్నతన్యాయస్థానము ఆ తీర్పును మార్చలేదు. ప్రభుత్వపు ఉద్యోగములలో పౌరులందరికిని సమానావకాశ ముండవలెననియు, పుట్టుక యోగ్యత కాదనియు దాని సారాంశము. నిజముగా అనారోగ్యము పాలైనవారి కుటుంబములకు కారుణ్యనియామకము లను మార్గము తరువాత వచ్చెను.

బిరుదుల వారసత్వమును ఖండించిన మేము పనుల వారసత్వమును మన్నింపవచ్చునా? రెండును ఒకటే యని కొందరు వాదింతురు. మే మట్లు తలపము. రంగారావు బిరుదు ఒక లాభమును తరతరములకు సాగించెను. బాయిపని యొక నష్టమునకు ఈడుగా నడుగబడుచున్నది. ఊపిరితిత్తులను, నడుమును, వినికిడిని గనికి చెల్లించినవాని యింటివారు ఆ గనియందే కూడు వెదకికొనుట రాజరికము కాదు. అయినను న్యాయస్థానము చెప్పిన మాటను త్రోసివేయుటకును మాకు మన సొప్పదు. గని చుట్టుపక్కల పల్లెలలో, తండ్రి బాయిలో పని చేయని పిల్లవాడు నున్నాడు. వానితాత భూమియు గనిక్రింద పోయియుండవచ్చును. వానికి వారసుడు కాగల తండ్రి లేడు. తండ్రి పోగొట్టుకొన్న యారోగ్యమునకు ధనరూపమున పూర్తి పరిహారమును, చుట్టుపల్లెల పిల్లలందరికిని పోటీలో సమానమైన త్రోవయు నిచ్చుట మేలని మా యభిప్రాయము. నష్టపరిహారమునకు బదులు కొడుకును బాయిలోనికి దింపుట కంపెనీకి చవుక, కొడుకునకు కాదు.

ఇంకొక సంగతి, గృహిణులు గమనింపదగినది. పై వరుసలో అల్లుడు కలడు, కూతురు లేదు. భూగర్భములో స్త్రీలు పనిచేయరాదని 1952 నాటి గనుల చట్టము నిషేధించెను. 2019లో ప్రభుత్వము ఆ నిషేధమును కొంత సడలించి, సాంకేతిక పర్యవేక్షక పనులకు స్త్రీలను లోనికి పోనిచ్చెను. అంతవరకు భూగర్భపుపనికి కూతురు వారసురాలు కావలెనన్నచో భర్తద్వారముననే కావలసియుండెను. మామగారి యుద్యోగము అల్లునికి పోవుటయనగా కట్నమునకు ఇంకొక పేరని వేరుగ చెప్పనేల? బొబ్బిలిలోనైనను బాయిలోనైనను ‘వారసు’డను మాటకు స్త్రీలింగము సులభముగా దొరకుట లేదు.

వెలుగోటివారికి వెంకటరమణయ్యగారివంటి పరిష్కర్త దొరకెను. మందమర్రి, బెల్లంపల్లి, రామకృష్ణాపురము, గోదావరిఖనులలో మూడుతరములవారు బాయిపని చేసిన యిండ్లున్నవి. తాత యే యూరినుండి వచ్చెనో, ఏ గనిలో నెన్నేండ్లు పని చేసెనో, ఎట్లు పోయెనో చెప్పగల ముసలమ్మలు ఆ యిండ్లలో నింకను గలరు. చదువుకొన్న మనుమరాండ్రు కూర్చుండి ఆ సంగతులను వ్రాసికొనవలెను. పేర్లు, సంవత్సరములు, గని పేరు చాలును; సూర్యచంద్రు లక్కరలేదు. అవ్వల పేర్లుకూడ వ్రాయవలెను. అట్టి వ్రాతలు వచ్చినచో ఈ పుటలలో చోటు చేయుటకు మేము సిద్ధముగా నున్నాము.