అతుకు దగ్గరే అసలు సంగతి

గుండె నుంచి ఒంటికంతటికీ రక్తం మోసే బృహద్ధమనికి ఆపరేషన్ అయి ఇంటికి వెళ్ళే రోజున రోగి గానీ, వెంట ఉన్నవాళ్ళు గానీ తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "లోపల పెట్టిన గొట్టం ఎన్నేళ్ళు ఆగుతుంది డాక్టరు గారూ?" స్టెంటు పూడుకుపోయిన చుట్టమో, వాల్వు రెండోసారి మార్పించుకున్న పొరుగాయనో వాళ్ళ మనసులో మెదులుతుంటారు. నేనిచ్చే జవాబు ఎప్పుడూ ఒక్కటే. గొట్టం మీకన్నా ఎక్కువ కాలమే ఉంటుంది. మనం కాపలా కాయాల్సింది దాని రెండు చివర్లనీ, మీ సొంత రక్తనాళాన్నీ.

ఆ గొట్టం పాలిస్టరు గుడ్డ. వైద్యులు డాక్రాన్ అంటారు. ఒకప్పుడు మన ఇళ్ళలో మగవాళ్ళు గొప్పగా తొడుక్కున్న టెరిలిన్ చొక్కాదీ ఇదే పదార్థం. 1950ల మొదట్లో అమెరికాలోని హ్యూస్టన్‌లో సర్జన్ డాక్టర్ మైకేల్ డిబేకీ రక్తనాళానికి గొట్టం కుట్టడానికి నైలాన్ కొందామని దుకాణానికి వెళ్తే అది అయిపోయిందన్నారట. కొత్తగా వచ్చిన డాక్రాన్ ఉందంటే అదే కొన్నారు. చిన్నప్పుడే తల్లి దగ్గర కుట్టుపని నేర్చుకున్న మనిషి, భార్య కుట్టుమిషను మీద ఆ గుడ్డని గొట్టంగా కుట్టారు. నైలాన్ ఒంట్లో పోనుపోను బలం కోల్పోతుందని తరువాత తేలింది. ఆ రోజు దుకాణంలో సరుకు నిండుకోవడం ఎంతమందికి కలిసొచ్చిందో!

డాక్రాన్‌ని మన ఒళ్ళు పూర్తిగా తనలో కలుపుకోదు. రక్తనాళపు లోపలి పొర అతుకుల దగ్గర కొద్ది మేర మాత్రం పాకుతుంది. నడిమి భాగంలో రక్తంలోని ఫైబ్రిన్ పేరుకుని పలుచని పూతగా మిగిలిపోతుంది. అయినా పాతిక ముప్ఫై మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టంలో రక్తం ఉరవడిగా పారుతుంది గనక గడ్డకట్టడం అరుదు.

నన్ను ఎక్కువగా కంగారుపెట్టేది కుట్టు. నీలిరంగు ప్రోలీన్ దారంతో, రెండు వైపులా సూది ఉన్నదానితో కుడతాం. నేర్చుకునేవాళ్ళకి నేను మొదట చెప్పేది, దారాన్ని ఫోర్సెప్స్‌తో పట్టుకోవద్దని. పైకి ఏమీ కనబడదు గానీ, లోహం నొక్కిన చోట ఆ దారం బలహీనపడుతుంది. అసిస్టెంటు దాన్ని వేళ్ళతోనే, ఒకే బిగువులో పట్టి ఉంచాలి. వదులైతే కారుతుంది, మరీ లాగితే మెత్తని గోడ కోసుకుపోతుంది. తొలి రోజుల్లో పట్టుదారంతో కుట్టేవారు. కొన్నేళ్ళకి ఆ దారం పాడై అతుకు విడిపోయేది, అక్కడ రక్తం ఊరి బుడగలా ఉబ్బేది. గుడ్డ మటుకు చెక్కుచెదరకుండా ఉండేది.

ఇప్పుడు దారం మారింది, ఇబ్బంది పక్కకి జరిగింది. ఆరోగ్యంగా ఉన్న బృహద్ధమని గుండె కొట్టుకున్న ప్రతిసారీ సాగి మళ్ళీ ముడుచుకుంటుంది. డాక్రాన్ దాదాపు సాగదు. ఆ తాకిడి పక్కనున్న సొంత నాళం మీద పడుతుంది. పాత చీరకి కొత్త గుడ్డ అతుకు వేస్తే చిరిగేది దాని పక్కనున్న పాత నేతే కదా. పుట్టుకతోనే నాళం గోడ బలహీనంగా ఉండే మార్ఫాన్ జబ్బు ఉన్నవాళ్ళలో, నాళం గోడ పొరలుగా చీలి అత్యవసరంగా ఆపరేషన్ అయినవాళ్ళలో ఈ భయం ఎక్కువ. ఛాతీ పైభాగంలో గొట్టం వేశాక కూడా చాలామందికి చీలిక కింది భాగంలో మిగిలే ఉంటుంది, ఏళ్ళ తరబడి మెల్లగా ఉబ్బొచ్చు. అందుకే బీపీ మాత్రలు, సీటీ స్కాన్లు జీవితాంతం తప్పవు. "బాగానే ఉన్నాను కదా" అని స్కాన్ మానేసినవాళ్ళని తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

గొట్టానికి ఇన్ఫెక్షన్ సోకడం అరుదే గానీ, సోకితే అంత మొండిది మరొకటి లేదు. సూక్ష్మజీవులు గుడ్డ నేతలో దాక్కుంటే మందు అంత తేలిగ్గా అందదు. కాబట్టి జ్వరమొస్తే ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షనో, మెడికల్ షాపులో యాంటీబయాటికో పుచ్చుకుని సరిపెట్టుకోకండి. ముందు బ్లడ్ కల్చర్‌కి రక్తం ఇవ్వాలి, తరువాతే మందు. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు బృహద్ధమని జబ్బున్నవాళ్ళకి వేరే దారి లేనప్పుడే వాడాలని 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

2005 చివరి రోజున, ఆ గొట్టం కుట్టిన డిబేకీకే బృహద్ధమని చీలింది. అప్పటికాయనకి 97 ఏళ్ళు. 2006 ఫిబ్రవరిలో తోటి సర్జన్లు ఆయనకి డాక్రాన్ గొట్టమే వేశారు. తరువాత రెండేళ్ళకి పైగా జీవించారు.

ఆపరేషన్ అయినవాళ్ళు డిశ్చార్జి కాగితాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోండి, ఇన్ఫెక్షన్ భయం ఉంది గనక పంటి డాక్టరుకి కూడా చూపించండి. బృహద్ధమని జబ్బు కొన్ని కుటుంబాల్లో వస్తుంది గనక మీ తోబుట్టువులకీ పిల్లలకీ ఒక్కసారి ఎకో తీయించండి. ఉబ్బు చీలకముందే కనబడితే, తీరిగ్గా ఆపరేషన్ చేసే వ్యవధి మాకు దొరుకుతుంది.