తాడు లాగాక వచ్చే మనిషి

టయోటా ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైను వెంట, చేతికందే ఎత్తులో ఒక తాడు కట్టి ఉంటుంది. బోల్టు సరిగ్గా బిగియలేదనో, తలుపు అంచు కలవడం లేదనో అనుమానం వచ్చిన కార్మికుడు దాన్ని లాగుతాడు. ఆండాన్ అనే ఈ ఏర్పాటు గురించి మేనేజ్‌మెంట్ పాఠాల్లో చాలా చెబుతారు. నాకు మాత్రం ఆ తాడు లాగాక పరుగున వచ్చే టీమ్ లీడర్ పనితనమే అబ్బురం.

తాడు లాగిన వెంటనే లైను ఆగదు. పైనున్న బోర్డు మీద ఆ స్టేషన్ దీపం పసుపురంగులో వెలుగుతుంది, ఒక చిన్న పాట మోగుతుంది. కారు తన హద్దుగీత చేరేలోగా లీడర్ వచ్చి, చూసి, సరిచేయగలిగితే మళ్లీ తాడు లాగుతాడు. లైను సాగిపోతుంది. కుదరకపోతే దీపం ఎర్రబడుతుంది, లైనులో ఆ భాగం ఆగుతుంది. దీనికంతటికీ దొరికే వ్యవధి ఒక నిమిషం, ఒక్కోసారి అంతకన్నా తక్కువ.

అంత తక్కువలో చేరుకోవాలంటే లీడర్ దగ్గరలోనే ఉండాలి. అందుకే టీములో నలుగురైదుగురే ఉంటారు. రోజువారీగా అతనికంటూ ఒక స్టేషన్ కేటాయించరు, చేతులు ఖాళీగా ఉంచుతారు. టీములో ప్రతి పనీ అతనికి వచ్చి ఉండాలి, ఎవరైనా సెలవు పెడితే ఆ చోట నిలబడేదీ అతనే. వచ్చీ రాగానే అడగాల్సింది "ఏమైంది?" అని. "ఎవరు చేశారు?" అని అడిగిన మరుక్షణం నుంచి ఆ తాడు ఎవరూ ముట్టుకోరు. ఇంత ఖరీదైన యంత్రాంగం ఆ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది!

తాడు లాగితే నింద కాక సాయం వస్తే ఏమవుతుందో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో రుజువైంది. అక్కడి జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ 1982లో మూతపడింది. లైను ఆగకూడదన్నదే అక్కడి నియమం, లోపాలున్న కార్లను చివర్లో బాగుచేసుకునేవారు. రోజూ అయిదుగురిలో ఒకరు పనికి వచ్చేవారు కాదు. 1984లో టయోటాతో కలిసి నమ్మీ పేరుతో అదే ఫ్యాక్టరీని తెరిచారు. తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది పాత కార్మికులే, యూనియన్ కూడా పాతదే. వాళ్లలో కొందరిని జపాన్‌లోని తకావోకా ఫ్యాక్టరీకి పంపి, తాడు లాగితే సాయానికి మనిషి వస్తాడని కళ్లారా చూపించారు. రెండేళ్లు తిరిగేసరికి అక్కడి కార్లు నాణ్యతలో జపాన్ కార్ల సరసన నిలిచాయి.

టయోటా పద్ధతుల్లో, ఏ పని ఎంతవరకు వచ్చిందో చూపే కాన్‌బాన్ బోర్డు సాఫ్ట్‌వేర్ లోకానికి వచ్చింది. హైదరాబాద్ ఆఫీసుల్లో నేడు అది తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. పని ఆగిపోయిందని చూపే ఎర్ర గుర్తూ ఉంటుంది. ఆ గుర్తు పడ్డాక కుర్చీలోంచి లేచి వచ్చేదెవరన్నది బోర్డు చెప్పదు. పొద్దున జరిగే స్టాండప్ సమావేశంలో ఒక కుర్రాడు "ఇక్కడ ఆగిపోయాను" అన్నప్పుడు, గడువు గుర్తుచేయకుండా అతని పక్కన కూర్చుని కోడ్ చూసే లీడర్‌ని నేను మనసారా గౌరవిస్తాను.

టయోటాలో మరో అలవాటుంది. తాడు లాగడం తగ్గితే మేనేజర్లు సంతోషించరు, ఆరా తీస్తారు. లోపాలు దాస్తున్నారా, లేక మనుషులనూ సరుకునూ అవసరానికి మించి పెట్టడంతో ఇబ్బందులు పైకి తేలడం లేదా అని వెతుకుతారు. రెండోదే నిజమని తేలితే ఆ అదనాన్ని తగ్గిస్తారు, తాడు మళ్లీ లాగాల్సి వచ్చేదాకా.